పోగందించే మనిషి పేరు

ఎనాక్ హాల్‌స్టెడ్ ముఖం కంటే అతని కొక్కెమే ఆనిస్ హిండిల్‌కి బాగా తెలుసు. మూర్‌సైడ్ మిల్లులో పదిహేడేళ్లుగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటున్నారు. మధ్యలో పడుగు వేలాడుతుంది. రెండు వేల పైచిలుకు పోగులు. వాటికి అవతల నూలుతో అల్లిన కళ్ళ చట్రం. ఎనాక్ తన వైపు నుంచి ఒక కంట్లోకి సన్నటి ఇనప కొక్కెం దూరుస్తాడు. ఆనిస్ తన వైపున వరసలో ఉన్న పోగును వేలితో విడదీసి ఆ కొక్కేనికి తగిలిస్తుంది. అతను లాగుతాడు. మళ్ళీ కొక్కెం, మళ్ళీ పోగు. ఒక్క పోగు వరస తప్పినా బట్ట పొడవునా గీత పడుతుంది కాబట్టి ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. కొక్కెం వచ్చే తీరును బట్టే అతనికి మోకాలు సలుపుతోందో, ఆదివారం చాపెల్‌లో ఎవరితోనైనా మాటామాటా వచ్చిందో ఆమె చెప్పగలదు.

లాగే అతన్ని డ్రాయర్-ఇన్ అంటారు. అందించే ఆమెను రీచర్-ఇన్ అంటారు. రీచ్ అంటే చెయ్యి చాచి అందించడం. ఇన్ అంటే లోపలికి. థార్న్‌షా ఊళ్ళో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. ఆనిస్ తల్లి ఐవీ ఆ పనే చేసి చేసి వేళ్ళు వంకర్లు పోయాక మానేసింది. అప్పటికి ఆనిస్‌కి పద్నాలుగేళ్లు. బడి మానేసి తల్లి కూర్చున్న పీట మీదే కూర్చుంది.

ఆ వసంతంలో మిల్లుకు యంత్రం వస్తోందన్నారు. పోగులు అదే ఏరుకుని అదే దూర్చుకుంటుందట. అక్టోబరు తరవాత ఆనిస్‌ని బట్టలు మడతపెట్టే గదికి మారుస్తారు. కొత్త రిజిస్టరు రాసుకోవడానికి ఆఫీసు గుమాస్తా వచ్చి ఆమె పని ఏమిటని అడిగాడు. చెప్పింది. అతను రాసుకున్నాడు, అచ్చు ఫారం మీదున్న జాబితా చూశాడు, రాసింది కొట్టేశాడు.

"ఆ పేరు ఇందులో లేదమ్మా. సహాయకురాలు అని వేస్తున్నా."

"మా అమ్మకి కూడా అలాగే వేశారా?"

"మీ అమ్మప్పుడు నేను లేను. వేసే ఉంటారు."

అంతకుమించి ఆనిస్ నోరు పెగల్లేదు. ఆమె అంతే. ఎవరైనా నిలదీస్తే మాట గొంతులోనే ఆగిపోతుంది, ఇంటికొచ్చాక వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతుంటే జవాబులన్నీ వరసగా వస్తాయి. ఆ సాయంత్రం కూడా వచ్చాయి. వినడానికి ఐవీ ఒక్కతే ఉంది.

"వాడు కొట్టేస్తే నువ్వు చూస్తూ కూర్చున్నావా?" అంది ఐవీ.

"చూస్తూ కూర్చున్నాను."

"నా కూతురివే. నా వంకర వేళ్ళు నీకు రాకుండా, నా నోరైనా వచ్చుంటే బావుండేది."

తరవాతి శనివారం ఊరి లైబ్రరీలో పేపరు తిరగేస్తుంటే ఒక ప్రకటన కనిపించింది. ఇంగ్లీషు నిఘంటువు ఒకటి, పెద్దది, దానికి అనుబంధ సంపుటం తయారవుతోంది. పాఠకులు తాము చదివిన చోట కొత్త మాట గాని, ఎక్కడా నమోదు కాని పాత మాట గాని తగిలితే చీటీ మీద రాసి పంపాలి. చీటీకి పైన మాట, కింద తేదీ, ఎందులో అచ్చయిందో ఆ వివరం, ఆ మాట ఉన్న వాక్యం. ఆనిస్ ఆ ప్రకటన మూడుసార్లు చదివింది. చదువుకున్నవాళ్ళే పంపాలని అందులో ఎక్కడా లేదు.

అలా మొదలైంది. లైబ్రరీ చూసుకునే మిస్ కెర్షా వెనక గదిలో ఉన్న పాత పేపర్ల కట్టలు తీసి ఇచ్చేది. ఆనిస్ ఎక్కువగా ఏరింది ఒక్క జాతి మాటలనే. రెండు చిన్న మాటలు పక్కపక్కన నడిచి నడిచి చివరికి ఒక్కటైపోయినవి. ముందు ఒక పని, వెనక ఒక తోక. లోపలికి, బయటికి, పైకి, కిందికి. తనలో తాను వాటికి తోకమాటలు అని పేరు పెట్టుకుంది.

ముందుగా పంపింది టర్న్-అవుట్. ముత్తాతల కాలంలో మగ్గాలు ఆపేసి జనం మిల్లు గేటు బయటికి మళ్ళారు. మొదట్లో దాన్ని ఒక వాక్యంగా చెప్పుకుని ఉంటారు, ఫలానా మిల్లువాళ్ళు బయటికి మళ్ళారు అని. ఏటేటా మళ్ళుతుంటే వాక్యం చెప్పే తీరిక ఎవరికీ లేక అది సమ్మెకు పేరైపోయింది. దానికి జవాబుగా యజమాని లోపలినుంచి గేటుకు తాళం వేస్తే లాకౌట్ పుట్టింది. ఆ రెండు చీటీలూ ఆనిస్ ఒకే కవరులో పెట్టింది, దారిలో ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ వెళ్తాయని.

రీచ్-మీ-డౌన్ ఆమెకు మరీ నచ్చింది. దుకాణంలో పైన కొక్కేనికి వేలాడే తయారు కోటును చూపించి, అది అందుకుని నాకు దించు అనేవారట. అడిగిన మాటే కోటుకు పేరైంది. అక్క తొడిగి వదిలేస్తే చెల్లికి చేతులు మారి దిగే గౌను హ్యాండ్-మీ-డౌన్. పిన్ని కూతుళ్ళ గౌన్లు ఏడేళ్ళు తొడిగిన ఆనిస్‌కి ఈ రెంటికీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్నే పొడుగు కర్రతో మేడ కిటికీ తట్టి మిల్లువాళ్ళను లేపే మనిషి నాకర్-అప్. క్రికెట్ క్లబ్బు వార్తలో ఒకచోట, వాన వల్ల ఆట రెండుసార్లు ఆగి రెండు బ్రూ-అప్‌లు జరిగాయని ఉంది. టీ కాచుకోవడాన్ని కూడా ఆటలో పరుగుల్లా లెక్కేశారు. అదీ పంపింది.

ఏరేకొద్దీ ఆమెకు ఒకటి తోచింది. ఎప్పుడో ఒకసారి జరిగేదాన్ని జనం విడివిడి మాటల్లోనే చెబుతారు. రోజూ జరిగేదానికే మాటలు అతుక్కుని పేరు పుడుతుంది. ఒక పేరు పుట్టిందంటే దాని వెనక ఎన్నో చేతులు ఎన్నో ఏళ్ళు అదే పని చేశాయన్న మాట.

ఎనాక్‌కి ఈ సంగతి ఎవరి ద్వారానో తెలిసింది.

"ఏమే పిల్లా, ఇవాళ ఏ మాటని పట్టి కవర్లో కుక్కావ్?" అన్నాడు పడుగు అవతలినుంచి.

"ఏదీ లేదండీ."

"పేర్లు పెట్టే పని దేవుడు ఆదాముకి అప్పజెప్పాడు. నీకెప్పుడు బదిలీ చేశాడో మా పాస్టరుగారిని అడగాలి."

"పెట్టడం కాదండీ. ఉన్నవి రాస్తున్నా, అంతే."

"ఉన్నవాటిని రాయడమెందుకు? ఉన్నాయిగా."

ఆనిస్ పోగు తగిలించింది. జవాబు సాయంత్రం వచ్చింది, మామూలుగానే.

జూన్‌లో ఆమె రీచర్-ఇన్ చీటీ పంపింది. అచ్చు ఆధారం లేదు కాబట్టి, ఆ పని ఎలా చేస్తారో ఒక పేజీ నిండా రాసింది. రెండు వారాలకు సంపాదకుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే ఉంది. మీ వివరణ మాకు ఎంతో ఉపయోగపడింది, మీరు పంపిన చీటీల్లో పదకొండు తీసుకున్నాం అని మొదలైంది. తరవాత అసలు సంగతి. నోటిమాట మీద ఆధారపడి మేము ఏ మాటనూ చేర్చం. అచ్చులో, తేదీతో, మరొకరు వెళ్ళి చూసుకోగలిగే చోట భద్రంగా ఉన్న కాగితం ఒక్కటైనా కావాలి. ఆర్ అక్షరం సెప్టెంబరు ఆఖరుకు ప్రెస్సుకు వెళ్తుంది. ఈలోగా దొరకకపోతే ఆ మాట వదిలెయ్యక తప్పదు.

ఐవీ కళ్ళద్దాలు పెట్టుకుని ఉత్తరం చదివింది. "నేను పదహారేళ్ళు చేశాను. నన్ను వచ్చి చూసుకోమను."

"నువ్వు అచ్చులో లేవమ్మా."

"అదీ నిజమే. నా పెళ్ళి కాగితం మీద కూడా నూలు పనిమనిషి అనే రాశారు."

ఆనిస్ వెతకడం మొదలెట్టింది. యూనియన్ వార్షిక నివేదికలు ముప్ఫై ఏళ్ళవి చూసింది. నేతగాళ్ళున్నారు, కండెలు చుట్టేవాళ్ళున్నారు, డ్రాయర్లున్నారు. ఆ కింద "తదితరులు" ఉన్నారు. మిల్లు నిబంధనల పుస్తకం చూసింది. కిటికీ అద్దం పగలగొడితే ఏం చెయ్యాలో ఉంది గాని, పోగులు ఎవరు అందిస్తారో లేదు. ఊరంతా రోజూ అనే మాట, ఒక్క కాగితం మీద కూడా లేదు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ రాసిపెట్టుకోరు.

ఆగస్టు మొదట్లో వారం రోజులు వేక్స్ సెలవులు. మిల్లులన్నీ ఒకేసారి మూసేస్తారు, ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ వెళ్ళిపోతుంది. అక్కడ సముద్రం ఒడ్డున కూడా పక్క కుర్చీలో పక్కింటివాళ్ళే కూర్చుంటారు. ఈసారి తను రానని ఆనిస్ తల్లితో చెప్పింది. వారమంతా లైబ్రరీలో కూర్చుని చాపెల్ పత్రికలు మొత్తం చూస్తానంది.

"వేక్స్‌కి ఊళ్ళో ఉండిపోయేది ఇద్దరే. కాలు విరిగినవాడు, మతి పోయినవాడు" అంది ఐవీ పెట్టె సర్దుకుంటూ. "నీ కాళ్ళు బాగానే ఉన్నాయి."

సోమవారం పొద్దున ఆనిస్ రొట్టె, జున్ను కాగితంలో చుట్టుకుని బయల్దేరింది. వీధుల్లో పురుగు లేదు. పొగగొట్టాలు పదమూడూ ఊరికే నిలబడి ఉన్నాయి. పొగ లేకపోయేసరికి ఊరి వెనక కొండ ఎంత దగ్గరగా ఉందంటే, దాని మీద గొర్రెలను లెక్కపెట్టొచ్చు. లైబ్రరీ మెట్లెక్కి తలుపు తోసింది. తాళం. తలుపు మీద మిస్ కెర్షా చేతిరాతతో చీటీ. వేక్స్ వారం సెలవు.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి ప్రతి వేక్స్‌కీ బ్లాక్‌పూల్‌లో ఉన్న మనిషికి, ఆ వారం లైబ్రరీ మూసేస్తారని ఎలా తెలుస్తుంది? ఊళ్ళో ఒక్కరికీ ఆ తలుపు తోసి చూసే అవసరం ఎప్పుడూ రాలేదు.

"మిస్ కెర్షా బ్లాక్‌పూల్ ఇసకలో గాడిద సవారీ చేస్తూ ఉంటుందిలే" అన్నారు ఎవరో వెనకనుంచి.

ఎనాక్. మిల్లు బట్టల్లో కాకుండా ఆదివారం కోటులో. పట్టపగలు, మధ్యన పోగులు లేకుండా అతన్ని చూడటం ఆనిస్‌కి వింతగా ఉంది. చెవుల మీద ఇన్ని వెంట్రుకలున్నాయని తెలీదు.

"మీరు వెళ్ళలేదా అండీ?"

"నేనెప్పుడూ వెళ్ళను. నీకేమైంది? మీ అమ్మ వదిలేసి పోయిందా?"

"చాపెల్ పత్రికలు చూద్దామని."

"ఆ మాట కోసమేనా ఇంకా?" అతను తాళం వైపు చూశాడు, తర్వాత ఆమె చేతిలో పొట్లం వైపు. "మెట్ల మీద కూర్చుని తింటావా ఏంటి? పద. టీ కాస్తాను. ఏదో పంపావటగా క్రికెట్ వార్తలోది, అది."

"బ్రూ-అప్ అండీ."

"అదే. లెక్కలో ఇంకోటి వేసుకో."

పెళ్ళి చేసుకోని మనిషి ఇల్లు. అయినా చట్రంలో కళ్ళంత వరసగా సర్ది ఉంది. టీ పోశాక ఎనాక్ అల్మారా పైనుంచి ఒక బిస్కెట్ల డబ్బా దించాడు. అందులోంచి నల్ల అంచున్న చిన్న అట్ట తీసి, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. పూర్వం ఎవరైనా పోతే జ్ఞాపకంగా అచ్చు వేయించి పంచేవారే, ఆ కార్డు.

ఆనిస్ చదివింది. టామర్ హాల్‌స్టెడ్, వయసు పన్నెండు, మూర్‌సైడ్ మిల్లు రీచర్-ఇన్, 1904 ఆగస్టు 9న ప్రభువునందు నిద్రించినది. ఆ కింద ఒక కీర్తన చరణం. అన్నిటికన్నా కింద, డ్రాయింగ్-ఇన్ గదిలోని తోటి పనివారు వేయించినది అని, ప్రింటరు పేరుతో సహా.

"మా అక్క" అన్నాడు ఎనాక్. "పూట మిల్లు, పూట బడి. అప్పుడలాగే ఉండేది. నాకు ఆరేళ్ళు. వేక్స్‌కి సముద్రం చూపిస్తానంది. శుక్రవారం జ్వరం తగిలింది. మంగళవారానికి లేదు."

ఆనిస్ టీ కప్పును కార్డుకు దూరంగా జరిపింది.

"దాని ముఖం నాకు గుర్తు లేదు. ఫోటో లేదు. ఇదొక్కటే. ఏడాదికోసారి ఈ వారంలోనే తీస్తాను." టీ గుటకేశాడు. "నిన్ను ఆటపట్టించానని ఏమనుకోకు. నువ్వు ఆ మాట కోసం వెతుకుతున్నావని వింటుంటే నాకు అదోలా ఉండేది."

ఆమెకు కావలసింది అక్షరం తేడా లేకుండా బల్ల మీదే ఉంది. అచ్చు, తేదీ, మాట. అయినా అది ఈ డబ్బాలో ఉన్నంతకాలం ఎవరూ వచ్చి చూసుకోగలిగే చోట ఉన్నట్టు కాదు. ఇమ్మని అడగాలి. ముఖం లేని అక్కను ఇచ్చెయ్యమని ఎలా అడుగుతారు? ఆనిస్ కార్డును రెండు చేతులతో పట్టుకుని తిరిగి డబ్బాలో పెట్టింది. జేబులో ఉన్న పెన్సిలు తియ్యనైనా లేదు.

ఐవీ ఆదివారం ముక్కు ఎర్రగా కమిలి తిరిగొచ్చింది. సంగతంతా విని, చెప్పులు విప్పుకుంటూ అడిగింది.

"అడిగావా?"

"లేదమ్మా."

"మంచిపని చేశావు" అంది ఐవీ. ఆమె నోటినుంచి ఆ మాట రావడం అరుదు.

మిల్లు తెరిచారు. ఆగస్టు గడిచింది, సెప్టెంబరులో సగం పోయింది. ఆనిస్ చాపెల్ పత్రికలన్నీ చూసేసింది, ఏమీ లేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం, పడుగులో వెయ్యో పోగు దగ్గర, కొక్కెం రాలేదు. ఆమె పోగు పట్టుకుని ఎదురుచూసింది.

"ఆ పుస్తకంవాళ్ళకి ఏం కావాలో సరిగ్గా చెప్పు" అన్నాడు ఎనాక్ అవతలినుంచి.

మధ్యలో పోగులుంటే ఆనిస్‌కి మాట తేలిగ్గా వస్తుంది. చెప్పింది. అచ్చు కావాలి, తేదీ కావాలి. ఎవరైనా వచ్చి అడిగితే చూపించే చోట ఆ కాగితం శాశ్వతంగా ఉండాలి. ఆఖరు తేదీ కూడా చెప్పింది. తనకు ఆ కార్డు కావాలని మాత్రం అనలేదు.

"ఊరి లైబ్రరీ పనికొస్తుందా?"

"వస్తుందండీ."

కొక్కెం వచ్చింది. ఆ రోజంతా ఇంకేమీ మాట్లాడలేదు. బుధవారం లేదు, గురువారం లేదు. కొక్కెం ఎప్పటికన్నా నెమ్మదిగా వచ్చేది. అతను ఆలోచిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. తొందరపెట్టకుండా, ఒక్కో పోగూ అందిస్తూ కూర్చుంది.

శనివారం లైబ్రరీలో ఆమె పేపరు చదువుతుంటే ఎనాక్ ఆదివారం కోటులో వచ్చాడు. చంకలో బిస్కెట్ల డబ్బా. నేరుగా మిస్ కెర్షా బల్ల దగ్గరికి వెళ్ళి దాన్ని అక్కడ పెట్టాడు.

"దీన్ని ఇక్కడ దాచాలి. ఎవరడిగినా చూపించాలి. ఎవరికీ ఇంటికివ్వకూడదు."

మిస్ కెర్షా మూత తీసి కార్డు చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. "ఊరి కాగితాల పెట్టె ఒకటుందండీ. నంబరు వేసి అందులో పెడతాను. మీరు ఆలోచించుకునే ఇస్తున్నారా?"

"నా తర్వాత మా ఇంట్లో ఎవరున్నారు? డబ్బా ఖాళీ చేసి పొయ్యిలో వేస్తారు. ఇక్కడైతే అడిగేవాళ్ళు వస్తారంట. పుస్తకంలో రాసి ఉంటే వెతుక్కుంటూ వస్తారంట." ఖాళీ డబ్బాకు మూత పెట్టాడు. "ఒక షరతు. ఏటా వేక్స్‌లో నేనొచ్చి చూసుకుంటాను."

"వేక్స్‌లో లైబ్రరీ ఉండదండీ. ఆ ముందు శనివారం రండి, పోనీ."

"ముందు శనివారం చూసేస్తే, ఆ వారమంతా నేనేం చెయ్యాలి?"

పేపరు వెనకనుంచి ఆనిస్ గొంతు వినిపించింది. తన గొంతేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"సముద్రం చూడొచ్చండీ."

ఎనాక్ ఆమె వైపు తిరిగాడు. పడుగు అడ్డం లేకుండా ఆమె కూడా అతని వైపే చూసింది.

"బ్లాక్‌పూల్‌లో మీ అమ్మ దిగే ఇంట్లో టీ బాగుంటుందా?" అని అడిగాడు.

"బాగుండదండీ. అమ్మ టీపొడి తనే పట్టుకెళ్తుంది."

"తెలివైన మనిషి" అన్నాడు.

ఆనిస్ అక్కడే కూర్చుని చీటీ రాసింది. పైన ఎడమవైపు రీచర్-ఇన్. కింద 1904. ఆ కింద స్మారక కార్డు, థార్న్‌షా లైబ్రరీ, ఊరి కాగితాల పెట్టె, నంబరు నలభై ఒకటి. వాక్యం రాసేటప్పుడు టామర్ పేరు వదలకుండా పూర్తిగా రాసింది. నిఘంటువుకు అంత పొడుగు అక్కర్లేదని ఆమెకు తెలుసు. చీటీలో చోటు ఉంది.

జవాబు అక్టోబరు రెండో వారంలో వచ్చింది. మాటను చేర్చుకున్నారు. 1904 నాటిది ఇప్పటికి దొరికిన ఆధారాల్లో మొదటిదిగా ఇస్తున్నామని రాశారు. ఆనిస్ ఉత్తరాన్ని మిల్లుకు తీసుకెళ్ళింది. అప్పటికి యంత్రం మూలన గోనెపట్టా కప్పుకుని కూర్చుని ఉంది. ఆ రోజు వాళ్ళు ఎక్కించింది చేతితో చేసే ఆఖరు పడుగుల్లో ఒకటి.

ఎనాక్ ఉత్తరాన్ని వెలుతురుకు ఎత్తి చదివాడు.

"ఇప్పటికి మొదటిది అంటే?"

"ఇంతకన్నా పాతది ఎవరికైనా దొరికితే అది ముందుకొస్తుందండీ. మనది రెండోదవుతుంది."

"అయితే నువ్విక వెతకడం ఆపు."

"ఆపనండీ."

పడుగు అవతల నవ్వు వినిపించింది. పదిహేడేళ్ళలో అతను నవ్వగా ఆమె వినడం అదే మొదలు. ఉత్తరం మడిచి, పోగుల సందులోంచి జాగ్రత్తగా ఆమెకు తిరిగి అందించాడు.

"సరే, ఇంకా పద్దెనిమిది వందలున్నాయి. చెయ్యి చాచు, రీచర్-ఇన్."

కొక్కెం కంట్లోంచి ముందుకొచ్చింది. ఆనిస్ వరసలో ఉన్న పోగును వేలితో విడదీసి దానికి తగిలించింది.